రెసిడెన్షియల్ కాలేజీలో కౌన్సెలర్: యాజమాన్యం ‘రిస్క్ లిస్ట్’ అడిగితే ఏమి ఇవ్వాలి?

మౌనవీణ

నేను రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును. కిందటి విద్యా సంవత్సరం నుంచి ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పనిచేస్తున్నాను. పిల్లలందరూ ఎంపీసీ, బైపీసీ చదువుతున్న పదహారు, పదిహేడేళ్లవారు. ‘డేంజర్‌లో ఉన్న’ విద్యార్థుల పేర్లను సెక్షన్, గది నంబరుతో సహా ప్రతి శనివారం సాయంత్రంలోగా రాసి ఇవ్వాలని మా డీన్ అడుగుతున్నారు. జాబితా చేరిన మరునాడు ఏమి జరుగుతుందో చూస్తూనే ఉన్నాను. ఆదివారం తల్లిదండ్రులు వచ్చే వేళకు ఆ పిల్లవాడి తండ్రిని ఆఫీసుకు పిలిచి, ‘కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉంచుకోండి, మనసు కుదుటపడ్డాక తీసుకురండి’ అని చెబుతారు. ట్రంకుపెట్టె మెట్లు దిగుతుంటే ఫ్లోరంతా చూస్తుంది. ఆ తరువాతి వారం నా గదికి వచ్చేవారు తగ్గిపోతారు. వచ్చిన ఒకరిద్దరు కూడా తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అన్న మాటలు దాటి ముందుకు రారు.

జాబితా ఇవ్వనంటే, ‘రేపు ఏదైనా జరిగితే బాధ్యత నాదే’ అని రాసి సంతకం చేయమంటున్నారు. సెషన్ నోట్సు కూడా ఆఫీసు బీరువాలోనే ఉండాలట. ఇలాంటి చోట పనిచేస్తున్నవారు దీనిని ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. ఉద్యోగం మానేయమన్న సలహా మాత్రం వద్దు. నేను మానేస్తే ఆ కుర్చీని ఖాళీ పీరియడ్లు ఎక్కువున్న లెక్చరరు ఎవరికో అప్పగిస్తారు.

ఫిజిక్స్_వద్దన్నవాడు

మా కాలేజీలో కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గదికి ఆనుకునే ఉండేది, పైగా దానికి అద్దం తలుపు. లోపల ఎవరు కూర్చున్నారో స్టడీ అవర్‌కు వెళ్లే సెక్షన్లన్నింటికీ కనిపించేది. నేను చదివిన రెండేళ్లలో ఆ గదిని మనసారా వాడుకున్నది ఏసీ కోసం వచ్చే అకౌంటెంటు ఒక్కరే.

పాతకాపు_సైకియాట్రీ

మౌనవీణ గారు, మీ డీన్ రెండు వేరు వేరు విషయాలను కలిపి అడుగుతున్నారు. ముందు వాటిని విడదీయండి. పిల్లవాడు మీతో చెప్పుకున్న మాటలు ఒకటి. ఆ రాత్రి ఆ పిల్లవాడు క్షేమంగా ఉండటానికి ఇతరులు చేయవలసిన పనులు మరొకటి. మొదటిది ఆఫీసుకు అక్కరలేదు. రెండవది తప్పకుండా కావాలి, అదీ శనివారం దాకా ఆగకుండా ఆ గంటలోనే కావాలి.

ఒక పిల్లవాడు చనిపోవాలనిపిస్తోందని చెప్పి, అందుకు ఆలోచన కూడా చేసుకున్నాడని మీకు అర్థమైతే, వార్డెన్‌కు చెప్పవలసినవి కొద్దిపాటి మాటలే: ఈ రాత్రి ఒంటరిగా ఉంచవద్దు, గదిలో ఫలానా స్నేహితుడు ఉండేలా చూడండి, రేపు ఉదయం టెస్టుకు బలవంతపెట్టవద్దు, పది గంటలకు నేను వచ్చి చూస్తాను. ఎందుకు, ఏమిటి అన్నది వార్డెన్‌కు చెప్పనవసరం లేదు. తండ్రి తాగి కొడతాడనో, సీనియర్ ఒకడు వేధిస్తున్నాడనో పిల్లవాడు చెప్పిన సంగతి ఆ కాగితంలోకి ఎక్కకూడదు.

ఇక జాబితా గురించి. ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందుగా పసిగట్టగలమన్న నమ్మకానికే ఆధారం తక్కువ. 50 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. మనం లెక్కపెట్టే రిస్క్ ఫ్యాక్టర్లతో, అంటే ప్రమాదాన్ని సూచిస్తాయనుకునే లక్షణాలతో, వేసే అంచనా బొమ్మా బొరుసూ కన్నా ఏమంత మెరుగు కాదని అందులో తేలింది. పేర్లున్నవారిని ఇంటికి పంపేసి, పేర్లు లేనివారి విషయంలో నిశ్చింతగా ఉండే పద్ధతి అందువల్లనే ప్రమాదకరం.

గేటు_దగ్గర_నేనే

ఇక్కడ అందరూ డీన్‌ను ప్రతినాయకుడిని చేస్తారని తెలిసే రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసేది ఆ ఉద్యోగమే. ఏదైనా జరిగిన రోజు గేటు దగ్గర బంధువులకు, విద్యార్థి సంఘాలకు, టీవీ మైకులకు ఎదురుగా నిలబడేది కౌన్సెలర్ కాదు, నేను. మా క్యాంపస్‌లో ఒక అమ్మాయి శుక్రవారమే కౌన్సెలర్‌తో అన్నీ చెప్పుకుంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఔటింగ్‌కు గదిలోని మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఒక్కతే ఉండిపోయిన సంగతి, స్వీపరమ్మ అనుమానపడి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియదు. పిల్ల దక్కింది. అప్పటి నుంచి పేర్లు ఇవ్వని కౌన్సెలర్‌ను నేను ఒప్పుకోను. రహస్యం పేరుతో నన్ను చీకట్లో ఉంచి, బాధ్యత మాత్రం నా నెత్తిన పెడితే ఎలా?

పాతకాపు_సైకియాట్రీ

మీరు చెప్పిన ఉదంతంలో పొరపాటు కౌన్సెలర్‌దే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ శుక్రవారం రాత్రి మీకు కావలసింది ఒక్క పేరు, దానితో పాటు ఒక్క సూచన. మౌనవీణ గారి డీన్ అడుగుతున్నది వారానికొక జాబితా, ఆ తరువాత పెట్టె సర్దించడం. పిల్లను కాపాడే పని ఒకటైతే, కాలేజీ పేరును కాపాడుకునే పని ఇంకొకటి.

చట్టం_చదివినవాడు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా చెబుతుంది, మినహాయింపులను కూడా అక్కడే వివరిస్తుంది. చికిత్సలో భాగమైన ఇతర వైద్య నిపుణులకు, రోగి నామినేటెడ్ ప్రతినిధికి (చికిత్స విషయాల్లో రోగి తరఫున నిలిచే వ్యక్తికి), ప్రాణాపాయాన్ని లేదా మరొకరికి జరగబోయే హానిని నివారించవలసినప్పుడు, కోర్టు లేదా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఆదేశించినప్పుడు సమాచారం ఇవ్వవచ్చు. హానిని ఆపడానికి చెప్పేటప్పుడు అందుకు అవసరమైనంత మేరకే చెప్పాలి. కాలేజీ యాజమాన్యం అన్న మాట ఆ మినహాయింపుల్లో ఎక్కడా లేదు. మైనర్ల విషయంలో సాధారణంగా తల్లిదండ్రులు లేదా సంరక్షకులే నామినేటెడ్ ప్రతినిధులు కాబట్టి, మీరు మాట్లాడవలసింది వారితో.

సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు కూడా మీ డీన్‌కు చూపించండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. చట్టం వచ్చేదాకా దేశమంతటా అమలు కావలసిన మార్గదర్శకాలు అందులో ఉన్నాయి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను కనీసం ఒకరినైనా నియమించాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ముందు అవమానించడం మానాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆసుపత్రికి ఎప్పుడు, ఎలా పంపాలో రాతపూర్వకమైన పద్ధతి ఉండాలి. రికార్డులు పేర్లు బయటపడకుండా ఉంచాలి. మిమ్మల్ని సంతకం చేయమంటున్న కాగితానికి బదులు ఆ రాతపూర్వక పద్ధతిని మీరే తయారు చేసి, డీన్ చేత సంతకం చేయించండి.

ఫిజిక్స్_వద్దన్నవాడు

మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదట! మా ఊరి బస్టాండు ఎదుట ఉన్న హోర్డింగ్‌కు ఈ తీర్పు చదివి వినిపించాలి.

గుంటూరు_బైపీసీ_అమ్మ

మీరందరూ డీన్, కౌన్సెలర్, చట్టం అంటున్నారు. కన్నవాళ్ల సంగతి ఏమిటి? నా కూతురు సెకండియర్. మొబైల్ ఇవ్వరు, వారానికి ఒకసారి వార్డెన్ ఫోన్ నుంచి మాట్లాడిస్తారు. పక్కనే వార్డెన్ నిలబడి ఉంటే పిల్ల ‘బాగానే ఉన్నాను మమ్మీ’ అనక ఇంకేమంటుంది? దానికి బతకాలని లేదని కౌన్సెలర్‌కు తెలిసి నాకు చెప్పకపోతే, ఆ కౌన్సెలర్‌ను నేను జన్మలో క్షమించను. రహస్యమట, నా బిడ్డ విషయం నా దగ్గర దాచడం ఏ చదువులో నేర్పుతారు?

న్యూజెర్సీ_క్లినిక్

గుంటూరు అమ్మగారి కోపం న్యాయమైనది, దానికి సమాధానం మొదటి రోజునే సిద్ధం చేసుకోవాలి. నేను ఇక్కడ చూసే పిల్లల్లో తెలుగు కుటుంబాలవారు కూడా ఉన్నారు. మొదటి సెషన్ మొదటి ఐదు నిమిషాలూ పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఎదురుగా ఉండగానే ఒక మాట చెబుతాను: ‘నువ్వు ఇక్కడ చెప్పేది నాలోనే ఉంటుంది. నీ ప్రాణానికి ప్రమాదమనిపించినా, నువ్వు ఇంకొకరికి హాని చేస్తావనిపించినా, నిన్ను ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా మాత్రం పెద్దవాళ్లకు చెబుతాను. చెప్పే ముందు నీతో మాట్లాడతాను, ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం.’ ఈ గీత ముందే గీసి ఉంటే, చెప్పవలసిన రోజు వచ్చినప్పుడు పిల్లలకు అది నమ్మకద్రోహంగా తోచదు. చాలామంది ‘నేను చెప్పలేను, మీరే అమ్మకు చెప్పండి’ అని తామే అడుగుతారు. ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లలు మరీను.

పూర్వ_వార్డెన్

నేను సైకాలజీ చదవలేదు గానీ హాస్టల్ అంతా చూశాను. మౌనవీణ గారు, మీకు కావలసిన సమాచారంలో సగం సిక్ రూమ్ రిజిస్టరులో ఉంటుంది. సోమవారం టెస్టు ఉంటే ఆదివారం రాత్రే కడుపునొప్పి అని వచ్చే పేరు ఒకటి వారం వారం కనిపిస్తుంది. నర్సు ఒక మాత్ర ఇచ్చి పంపేస్తుంది, మళ్లీ వారం అదే పేరు, అదే చేతిరాత. మెస్‌లో ప్లేటు పట్టుకుని చివరి బెంచీకి మారిపోయినవాడు, ఇష్టపడి కొనుక్కున్న వాచీని ఉన్నట్టుండి స్నేహితుడికి ఇచ్చేసినవాడు, ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బా మూత తీయకుండా మంచం కింద తోసేసినవాడు మా కంటపడతారు. అలాంటివి మీకు చెప్పే దారి వార్డెన్లకు ఉండాలి. ఇప్పుడు సమాచారం అంతా మీ గది నుంచి ఆఫీసుకు పోతోంది, ఫ్లోరు నుంచి మీ గదికి రావడం లేదు.

ఇంకొకటి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 పోస్టర్లు మా హాస్టల్లో ప్రతి అంతస్తులోనూ అంటించారు. ఫోన్లు మాత్రం పిల్లలెవరి దగ్గరా ఉండవు, ఉన్నది నా జేబులో. ఆ పోస్టరు చూసి అర్ధరాత్రి నా దగ్గరకు వచ్చి, ‘సార్, ఆ నంబరుకు చేయాలి’ అని అడగగలిగిన పిల్లవాడికి ఆ నంబరు అవసరమే లేదు.

మౌనవీణ

పూర్వ వార్డెన్ గారి చివరి పేరా ప్రింటు తీసి మా మీటింగులో చదువుతాను. సిక్ రూమ్ పక్కన ఒక ల్యాండ్‌లైన్ పెట్టించి, 14416కూ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ మాత్రమే కలిసేలా చేస్తే ఎలా ఉంటుంది? అక్కడికి జ్వరానికీ వెళతారు, పంటినొప్పికీ వెళతారు కాబట్టి ఎవరు ఎందుకు వెళ్లారో ఎవరూ పట్టించుకోరు.

పూర్వ_వార్డెన్

పెట్టించండి. తలుపు వేసుకునే వీలు ఉండాలి, గడియ మాత్రం బయటి నుంచి తీయగలిగేలా ఉండాలి.

కర్నూలు_గురుకులం

ఇంటికి పంపడం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నేను గురుకులాల్లో తిరిగే సోషల్ వర్కర్‌ను. ఇంటికి పంపితే క్షేమం అన్నది పట్నం లెక్క. మా పిల్లల్లో చాలామందికి పగలు ఇంట్లో పెద్దవాళ్లు ఉండరు. కూలికి పోతారు, వలస పోతారు. పొలం మందులు వసారాలోనే ఉంటాయి. హాస్టల్లో చుట్టూ నలభై మంది ఉన్న చోట నుంచి తీసుకెళ్లి, ఒంటరిగా ఉండే ఇంట్లో దింపి రావడాన్ని భద్రత అనడం నాకు మింగుడుపడదు. తప్పనిసరిగా పంపవలసి వస్తే తండ్రిని కూర్చోబెట్టి, ఇంట్లో ఏవేవి ఉన్నాయో అడిగి, అవి ఈ రోజే వేరే ఇంటికి చేర్చాలని, పగలు తోడుగా ఎవరుంటారో పేరుతో సహా చెప్పాలని అడుగుతాను. పాతకాపు గారు, మీరు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు కూడా ఇదే కదా గండం?

పాతకాపు_సైకియాట్రీ

అదే గండం. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన తొలి వారాలే అన్నింటికన్నా ప్రమాదకరమైనవి, సరిగ్గా అప్పుడే అందరూ ఊపిరి పీల్చుకుని పలకరించడం మానేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల ఒక అధ్యయనం జరిపింది, దాని ఫలితాలు 2008లో వచ్చాయి. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చినవారితో ఒక గంట మాట్లాడి, ఆ తరువాత 18 నెలల పాటు ఫోన్‌లోనో, ఇంటికి వెళ్లో తొమ్మిదిసార్లు పలకరించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారితో పోలిస్తే, ఆ పలకరింపు అందినవారిలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. ఇందులో ఖరీదైన మందూ లేదు, యంత్రమూ లేదు. పిల్లవాణ్ని ఇంటికి పంపిన కాలేజీ తిరిగి వచ్చేదాకా ఎవరు ఏ రోజున ఫోన్ చేయాలో రాసుకోకపోతే, అది పంపడం కాదు, వదిలించుకోవడం.

గేటు_దగ్గర_నేనే

మేము ఊరికే పంపం. పిల్లవాడి చేత ‘ఇకపై అలాంటి ఆలోచన చేయను’ అని వాళ్ల అమ్మ మీద ఒట్టు వేయించి, కాగితం మీద రాయించుకుంటాం.

పాతకాపు_సైకియాట్రీ

దయచేసి ఆ ఒట్లు మానండి. ఒట్టు వల్ల ప్రాణం నిలుస్తుందనడానికి ఆధారం ఏమీ లేదు. మళ్లీ ఆ ఆలోచన వచ్చినప్పుడు, అమ్మ మీద ఒట్టు తప్పానన్న నేరభావం కూడా తోడై, ఎవరికీ చెప్పుకోలేని స్థితికి వెళతాడు. దాని బదులు సేఫ్టీ ప్లాన్ రాయించండి. అమెరికా సైకాలజిస్టులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించినది చాలా చోట్ల వాడుకలో ఉంది. చేయనని మాట తీసుకోవడం కాకుండా, ఆ ఘడియ వచ్చినప్పుడు ఏమి చేస్తావో ముందే పిల్లవాడి చేతనే, అతని మాటల్లోనే రాయించడం అందులోని కీలకం.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి రాసుకున్నది, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. ప్రమాద సూచన అన్న చోట, ‘పేపర్లు ఇచ్చిన రాత్రి అన్నం సయించదు, ఫ్యాను శబ్దం కూడా చిరాకుగా ఉంటుంది’ అని రాశాడు. తనంతట తాను చేయగలిగినది, ‘మెస్ వెనక కుళాయి దగ్గర తల తడుపుకుని, రఫ్ నోటు వెనక కార్ల బొమ్మలు గీస్తాను’. ఎవరి దగ్గరకు వెళతాడంటే, ‘రెండో అంతస్తు శ్రీను, వాడు ప్రశ్నలు అడగడు’. ఏ పెద్దవారికి చెబుతాడంటే, ‘నైట్ వాచ్‌మన్ తాత, తరువాత కౌన్సెలర్ మేడమ్’. గమనించండి, డీన్ గారు, ప్రిన్సిపాల్ గారు అందులో లేరు. వాచ్‌మన్ తాతను పిలిచి, ఆ పిల్లవాడు వస్తే ఏమి చేయాలో కౌన్సెలర్ ఆయనకు నేర్పింది. జాబితా కన్నా ఆ కాగితం విలువైనది. దాని ఒక ప్రతి పిల్లవాడి దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంటే చాలు.

గేటు_దగ్గర_నేనే

వాచ్‌మన్‌కు తెలిసి నాకు తెలియకపోవడం నాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. ఒట్ల విషయంలో మాత్రం మీరు చెప్పింది ఆలోచిస్తాను.

మౌనవీణ

ఇంకొక చిక్కు ఉంది. పదహారేళ్ల అమ్మాయి తన క్లాసు అబ్బాయిని ఇష్టపడుతున్నానని, ఇద్దరి మధ్యా హద్దు దాటిందని చెప్పింది. ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న భయంతోనే చావు ఆలోచన. ఎవరూ బలవంతపెట్టలేదని గట్టిగా చెబుతోంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం నేను పోలీసులకు చెప్పి తీరాలా?

చట్టం_చదివినవాడు

చట్టం అక్షరం ప్రకారం అయితే చెప్పి తీరాలి. పోక్సో చట్టం, 2012లో 18 ఏళ్ల లోపు వారి ఇష్టానికి విలువ లేదు. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ చెప్పాలని 19వ సెక్షన్, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ ఉండవచ్చని 21వ సెక్షన్ చెబుతున్నాయి. వాంగ్మూలాన్ని అమ్మాయి ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, వీలైనంత వరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి. యూనిఫాంలో రాకూడదు. ఈ సంగతులు ముందే తెలిస్తే అమ్మాయికి కొంత ధైర్యం వస్తుంది. బాలల సంక్షేమ సమితి కూడా రంగంలోకి వస్తుంది కాబట్టి, ఇంట్లో ప్రాణభయం ఉందన్న సంగతి వారి ముందు స్పష్టంగా పెట్టండి.

కర్నూలు_గురుకులం

కాగితం మీద ఇది సులువు. నిజానికి ఆ అబ్బాయికి కూడా పదహారేళ్లే, అతను జువెనైల్ హోముకు వెళతాడు, అమ్మాయికి నెల తిరగకుండా పెళ్లి సంబంధం చూస్తారు. ఈ చట్టాన్ని పసి పిల్లల కోసం రాసి, ప్రేమలో పడిన కుర్రకారు మీద ప్రయోగిస్తున్నామని కోర్టులే పలుమార్లు అన్నాయి. అయినా చెప్పకుండా దాచమని నేను మౌనవీణ గారికి సలహా ఇవ్వలేను. ఫోన్ చేసే ముందే ఆ అమ్మాయికి అంతా చెప్పి, తోడుగా మీరూ వెళ్లండి. ఫోన్ చేసేసి చేతులు దులుపుకోవద్దు.

గుంటూరు_బైపీసీ_అమ్మ

ఇది చదివాక నిన్న వార్డెన్‌ను బతిమాలి పక్కకు వెళ్లమన్నాను. మా అమ్మాయి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరువాత కెమిస్ట్రీ అర్థం కావడం లేదని చెప్పింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగాలనిపించింది గానీ, లేని ఆలోచన నేనే పుట్టించినట్టు అవుతుందేమోనని నోరు రాలేదు.

పాతకాపు_సైకియాట్రీ

అమ్మా, అడిగితే ఆలోచన పుట్టదు. అది ఇదివరకే పరిశోధనల్లో తేలిన విషయం. లేనివారు లేదంటారు, ఉన్నవారికి బరువు కొంత దిగుతుంది. ‘కెమిస్ట్రీ పోతే పోనీ, అసలు బతకడమే వద్దనిపించేంతగా కష్టంగా ఉందా?’ అని నేరుగా అడగండి. ఉందంటే ఏడవకుండా, తిట్టకుండా విని, ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి బయలుదేరండి. కౌన్సెలర్‌కూ ఆ రోజే తెలియజేయండి.

మౌనవీణ

అందరి మాటలూ కలిపి రెండు పేజీల పద్ధతి రాశాను. వారపు జాబితా లేదు. ప్రాణాపాయం ఉంటే ఆ గంటలోనే వార్డెన్‌కూ, తల్లిదండ్రులకూ చెప్పవలసిన విషయాలు, జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లే వాహనం, డ్రైవరు నంబరు, ఇంటికి పంపితే ఫోన్ చేయవలసిన రోజులు ఉన్నాయి. నోట్సు తాళంచెవి నా దగ్గరే ఉంటుందని కూడా రాశాను. డీన్ నోట్సు విషయం ఒప్పుకోలేదు, మిగతా వాటికి సంతకం పెట్టారు. నోట్సు మీద బేరం ఇంకా నడుస్తోంది.

పూర్వ_వార్డెన్

ఇంటర్ ఫలితాల రోజు గురించి కూడా అందులో రాయండి. అప్పటికి పిల్లలు హాస్టల్లో ఉండరు, అందరూ చేతులు దులుపుకుని ఉంటారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో మరచిపోలేం. ఒక సబ్జెక్టు పోతుందని ముందే భయపడుతున్న పిల్లలు ఎవరో లెక్చరర్లకు తెలుసు. వాళ్లకు సెలవులిచ్చే ముందే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు ఎలా కట్టాలో, రీవెరిఫికేషన్‌కు ఎలా పెట్టుకోవాలో చెప్పి పంపండి. ఫలితాలు వచ్చిన సాయంత్రం ఎవరికి ఎవరు ఫోన్ చేయాలో పంచుకోండి.

గేటు_దగ్గర_నేనే

ఫలితాల సాయంత్రం మా ఫోన్లన్నీ ర్యాంకుల ప్రకటన పనిలోనే ఉంటాయి. అయినా ఇద్దరు లెక్చరర్లను ఆ పని నుంచి తప్పించి దీనికి ఇవ్వగలను. పేర్లు మాత్రం కౌన్సెలరే పంచాలి, నాకు వద్దు.